వానల అడవిలో వాన కోసం నమాజు

వానలు వెనకబడినప్పుడు మన పెద్దలు మైదానానికి వెళ్లి ఇస్తిస్ఖా నమాజు చేయించడం మనం ఎరిగినదే. 2019 సెప్టెంబరులో అటువంటి నమాజే ఇండోనేషియాలోని పెకన్‌బారు నగరంలో జరిగింది. అప్పటి దేశాధ్యక్షుడు జోకో విడోడో కూడా అందులో నిలబడ్డారు. అయితే అది కరువు సీమ కాదు, వర్షారణ్యాలు పెరిగే సుమత్రా దీవి. అక్కడివారు వాన కోరింది పైరు కోసం కాదు, అడవులు కాలి ఊరిని కమ్మేసిన పొగ పోవాలని.

భూభాగంలో వర్షారణ్యాలు నూటికి ఆరేడు వంతులే. నేలపై బతికే జీవజాతుల్లో దాదాపు సగానికి మాత్రం అవే నిలయం. బ్రెజిల్, కాంగోల తర్వాత అంత పెద్ద వర్షారణ్యాలున్న దేశం ఇండోనేషియా. ఒరాంగుటాన్ అడవుల్లో బతికేది సుమత్రా, బోర్నియో దీవుల్లోనే.

ఆ పచ్చదనం చూసి నేల సారవంతమైనదని భ్రమపడతాం. నిజానికి చాలాచోట్ల సారమంతా చెట్లలోనే ఉంటుంది. రాలిన ఆకు కుళ్లగానే వేళ్లు దాన్ని తిరిగి పీల్చుకుంటాయి. చెట్లు కొట్టి, పదేపదే కాలిస్తే చివరికి మిగిలేది అలాంగ్‌-అలాంగ్ అనే బిరుసు గడ్డి. అది మొక్కలను ఎదగనివ్వదు, త్వరగా అంటుకుంటుంది.

చిత్తడి అడవుల కింద 'పీట్' అనే నేల ఉంది. నీటిలో నానుతూ పూర్తిగా కుళ్లని ఆకులు, కొమ్మలు వేల ఏళ్లుగా పేరుకొని ఏర్పడిందది. కొన్నిచోట్ల దాని లోతు 10 మీటర్లకు పైమాటే. తడి ఉన్నంతకాలం భయం లేదు. కాలువ తవ్వి నీరు తీసేస్తే వంటచెరకులా ఎండిపోతుంది. అంటుకుంటే లోలోపలే రగులుతూ ఉంటుంది. పెద్ద వాన పడితే తప్ప చల్లారదు.

1990లలో సుహార్తో ప్రభుత్వం బోర్నియోలోని మధ్య కాలిమంతన్‌లో 10 లక్షల హెక్టార్లలో వరి పండించాలని ఈ నేలలో వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. వరి పండలేదు. 1997 కరువులో ఆ నేల తగలబడింది. 2015లో దేశమంతటా సుమారు 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. ఆయిల్‌పామ్, కాగితపు గుజ్జు తోటల కోసం తక్కువ ఖర్చుతో నేల చదును చేయాలన్న ఆశే దీనికి ఒక ముఖ్య కారణం.

2016లో ఇండోనేషియా ఉలమా మండలి, హాని కలిగించేలా అడవులను, భూములను తగలబెట్టడం హరామ్ అని ఫత్వా ఇచ్చింది. అదే ఏట ప్రభుత్వం పీట్ నేలల పునరుద్ధరణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పి, కాలువలకు అడ్డుకట్టలు వేయించసాగింది. అయినా మూడేళ్లకే పెకన్‌బారు పొగలో మునిగింది.

ఇది ఎక్కడో దూరదేశపు గొడవ అనుకుందామా? మన దేశం దిగుమతి చేసుకునే పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది. ఇఫ్తార్ సమోసా వేగే మూకుడులో, పిల్లల బిస్కెట్లో, ఒంటి సబ్బులో అది ఉంటుంది. తప్పు ఆ చెట్టుది కాదు. ఎకరానికి అంత నూనె ఇచ్చే పంట మరొకటి లేదు. లక్షలాది చిన్న రైతులకు అదే జీవనాధారం. మన గోదావరి ప్రాంతంలోనూ పొలాల్లో దాన్ని సాగు చేస్తున్నారు. అడవిని కాల్చి నాటడమే తప్పు.

ముందు ఒంటెను కట్టు, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ మనకు తెలుసు. కాలువలు పూడ్చకుండా, నిప్పు పెట్టే చేతిని ఆపకుండా వాన కోసం దుఆ చేయడం ఒంటెను విడిచిపెట్టడమే అవుతుంది. అక్కడివారు కట్టవలసిన ఒంటె అది. నూనెను దుబారా చేయకుండా వాడుకోవడం, అది ఏ నేల నుంచి వచ్చిందో పిల్లలకు చెప్పడం మన ఇంటి ముంగిట ఉన్న ఒంటె. ఈ భూమి మన చేతికిచ్చిన అమానత్. దాన్ని చెడగొట్టకుండా తర్వాతి తరానికి అప్పగించవలసిన బాధ్యత మనందరిదీ.