పాలతో వేయరాని మందు

జ్వరపడిన మనిషికి మాత్ర వేయవలసివచ్చినప్పుడు మన ఇండ్లలో మొదట పొయ్యిమీది కెక్కునది పాలగిన్నె. ఒట్టి కడుపున మందు వేడిచేయుననియు, పాలు ఆ వేడిని చల్లార్చుననియు మన పెద్దల నమ్మకము. పెక్కు మందుల విషయమున ఈ అలవాటువలన కీడేమియు లేదు. కాని ఒక జాతి మందులకు మాత్రము, ప్రేమతో అందించిన ఆ పాలగ్లాసే అడ్డుపడును. అవి టెట్రాసైక్లిన్ జాతి మందులు. నేడు మన వైద్యులు తరచుగా వ్రాయు డాక్సీసైక్లిన్ ఈ జాతిలోనిదే.

కొన్ని యేండ్ల క్రిందట మా పినతండ్రిగారికి తీవ్రమైన జ్వరము వచ్చినది. చంకలో సిగరెట్టుతో కాల్చినట్లున్న నల్లని మచ్చను చూచి, వైద్యుడు దానిని స్క్రబ్ టైఫస్ అని గుర్తించినాడు. పొదలలో, గడ్డిలో తిరుగు కంటికానని నల్లి పిల్లలు కుట్టుటవలన వచ్చు జ్వరమది. డాక్సీసైక్లిన్ ఉదయమొకటి, రాత్రి యొకటి వేయుమన్నాడు. మా పిన్నిగారు గడియారము చూచి వేసినారు. మాత్రతో పాటు పాలు; కడుపులో మండునేమోయని వెంటనే పుల్లత్రేన్పుల మందు ఒక చెంచాడు; రక్తము తక్కువగా నున్నదని మునుపటినుండి వాడుచున్న ఇనుము మాత్రయు అప్పుడే. మూడవనాటికిని జ్వరము దిగలేదు. వేరు మందు వ్రాయుటకు కలము తీసిన వైద్యుడు, ఏమి తోచినదో ఆగి, "మాత్ర దేనితో వేస్తున్నారమ్మా?" అని అడిగినాడు. పిన్నిగారు గర్వముగనే చెప్పినారు. ఆయన కలము మూసి, ఆ రెండవ మందును, మూడవ మందును ఆపించినాడు. రెండు రోజులలో జ్వరము దిగినది. ఒక్క ఇంటి ముచ్చటను శాస్త్రమునకు రుజువుగా నేను చెప్పబోను. కాని దాని వెనుకనున్న శాస్త్రము మాత్రము రుజువైనదే.

టెట్రా అనగా నాలుగు, సైకిల్ అనగా వలయము. ఈ మందు అణువులో నాలుగు వలయములు ఒకదానికొకటి అంటుకొని వరుసగా నుండును. వాని యంచున నున్న ఆక్సిజన్ పరమాణువులకు లోహములను పట్టుకొను స్వభావము కలదు. కాల్షియము, మెగ్నీషియము, అల్యూమినియము, ఇనుము, జింకు - వీనిలో ఏది కనబడినను ఎండ్రకాయ డెక్కలతో పట్టుకొన్నట్లు పట్టుకొనును. శాస్త్రజ్ఞులు దీనికి కీలేషన్ అని పేరు పెట్టినారు. ఆ మాట గ్రీకు భాషలో ఎండ్రకాయ డెక్కకున్న పేరునుండి వచ్చినదే. ఇట్లు లోహముతో ముడిపడిన మందు ప్రేగులగుండా రక్తములోనికి పోజాలదు. మింగినది మింగినట్లే బయటికి పోవును. రోగి మందు తినుచునే యుండును. రోగమునకు మాత్రము మందు అందదు.

పాలలో కాల్షియమున్నదని అందరికిని తెలియును. పెరుగన్నము, మజ్జిగ కూడ ఆ కోవలోనివే. మనము మరచునది రాగిజావ. జ్వరము తగ్గుచున్న మనిషికి బలమునకని ఇచ్చు రాగిపిండిలో, 100 గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. అంతే తూకముగల ఆవుపాలలో నున్నది సుమారు 120 మాత్రమే. భోజనానంతరము తాంబూలము వేసికొను పెద్దలు ఆకుకు రాచు సున్నము కూడ కాల్షియమేనని జ్ఞప్తియందుంచుకొనవలెను. పుల్లత్రేన్పుల మందులలో నుండునవి అల్యూమినియము, మెగ్నీషియము.

ఇచట ఒక భేదము చెప్పవలసియున్నది. పాత టెట్రాసైక్లిన్ పాలతో వేసికొన్నచో సగమో, అంతకన్న ఎక్కువయో వ్యర్థమగును. కనుక దానిని భోజనమునకు గంట ముందుగాని, రెండుగంటల తరువాతగాని మంచినీటితోనే పుచ్చుకొనవలెను. డాక్సీసైక్లిన్ అంత సుకుమారి కాదు; పాలవలన దానికి కలుగు నష్టము అయిదవవంతు ప్రాంతము. ఇడ్లీయో, చారన్నమో తిని వేసికొనవచ్చును. అట్లు చేసినచో వికారము తగ్గును కూడ. పుల్లత్రేన్పుల మందును, కాల్షియము మాత్రను దానికి రెండు మూడు గంటల ఎడముగా నుంచవలెను. ఇనుము సంగతి మరింత చిక్కైనది. రక్తములో చేరిన డాక్సీసైక్లిన్ కొంత పైత్యరసముతో మరల ప్రేగులలోనికి వచ్చును. అచట ఇనుము కాచుకొనియున్నచో దానిని పట్టివేయును. అందుచేత ఎడమిచ్చినను పూర్తి రక్షణ లేదు. ఆ వారము దినములు ఇనుము మాత్ర ఆపవచ్చునేమో వైద్యుని అడుగుట మేలు.

ఈ జాతిలో మొదటి మందుతో తెలుగువారికి ఒక బంధుత్వమున్నది. 1945లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలమునుండి తెచ్చిన పిడికెడు మట్టిలో, బంగారువన్నె రసమును పుట్టించు ఒక సూక్ష్మజీవిని, ఉద్యోగవిరమణానంతరము పరిశోధనకు తిరిగివచ్చిన బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. ఆయన పనిచేసిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథి, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆరియోమైసిన్ అను పేర ఆ మందు 1948లో లోకమునకు తెలిసినది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసినారు. డాక్సీసైక్లిన్ అమెరికా విపణిలోనికి వచ్చినది 1967లో.

లోహమును పట్టుకొను ఆ గుణమే మరియొకచోటను తల యెత్తును. బిడ్డకు పండ్లు ఏర్పడుచున్న కాలమున ఈ మందు రక్తములో నున్నచో, పంటిలోని కాల్షియముతో కలిసి అచటనే నిలిచిపోవును. ఆ పండ్లు పసుపువన్నెతో వచ్చి, కాలక్రమమున గోధుమవన్నెకు తిరుగును. ఎంత తోమినను పోవు. అందుచేతనే గర్భిణులకును, ఎనిమిదేండ్లలోపు బిడ్డలకును టెట్రాసైక్లిన్ ఇయ్యరాదను నియమము ఏర్పడినది. నియమము మంచిదే. కాని దానిని సగము తెలిసికొని పట్టుబట్టుటవలన ప్రాణాపాయము కలుగవచ్చును. డాక్సీసైక్లిన్ కాల్షియమును అంత గట్టిగా పట్టదు. కొలది దినములు మాత్రమే వాడినచో పిల్లల పండ్లకు మచ్చ పడుట లేదని తరువాతి పరిశీలనలలో తేలినది. స్క్రబ్ టైఫస్ వచ్చిన పసివానికి వైద్యుడు తెలిసియే ఆ మందు వ్రాసినచో, పండ్లు చెడునని తల్లి దానిని దాచివేయరాదు. ఆ జ్వరమునకు తగిన మందు ఆలస్యమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు దెబ్బతినును. గర్భిణి విషయము వేరు. ఆమెకు సాధారణముగ అజిత్రోమైసిన్ వంటి మరియొక మందు ఇత్తురు. కనుక గర్భమున్నదని, అనుమానమైనను సరే, ముందుగనే చెప్పవలెను.

మింగు తీరును గురించి ఒక మాట. మా కార్యాలయమిత్రుడొకడు రాత్రి పడకమీద ఒరిగియే, ఒక గ్రుక్కెడు నీటితో డాక్సీసైక్లిన్ గొట్టమును మింగి నిద్రపోయినాడు. తెల్లవారుజామున ఎదురురొమ్ములో కత్తితో పొడిచినట్లు నొప్పి. గుండెజబ్బని ఇంటిల్లిపాది ఆసుపత్రికి పరుగెత్తినారు. గుండె నిక్షేపముగ నున్నది. మాత్ర అన్ననాళమున అంటుకొని కరగి అచట పుండు చేసినది. ఈ మందు కరగినప్పుడు ఆమ్లగుణము కలదియగును. నిండు గ్లాసు నీటితో, కూర్చుండియో నిలుచుండియో మింగి, తరువాత అరగంటకు తక్కువ కాకుండ నడుము వాల్చకుండుటయే దీనికి మార్గము. రాత్రిమాత్రను పడకవేళకు గాక భోజనవేళకు జరుపుకొన్న సరి.

మందు వాడు దినములలో ఎండ తగిలిన చర్మము త్వరగ కందిపోవును. పొలము పనివారు తలపాగా, పొడుగుచేతుల చొక్కా మరువరాదు. తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినచో మందు ఆపి వెంటనే వైద్యుని చూడవలెను. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుచున్నవారు, రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడుచున్నవారు, మూత్రపిండముల జబ్బున్నవారు ఆ సంగతి మొదటనే తెలుపవలెను. జలుబునకు, ఫ్లూజ్వరమునకు ఈ మందు పనిచేయదు.

వైద్యుని చీటీ లేనిదే దీనిని అమ్మరాదని చట్టము. 2016 నుండి ఇట్టి మందుల అట్టలపై నిలువుగా ఎర్రని గీతయు కానవచ్చుచున్నది. ఐనను మన ఇండ్లలో బీరువా అరలో, వెనుకటి జ్వరమున మిగిలిన నాలుగు మాత్రలు ఎప్పుడును దొరకును. అసలు అవి మిగులుటయే తప్పు. చెప్పినన్ని దినములు వాడినచో మిగులవు. 1963లో అమెరికా వైద్యపత్రికలలో కొందరు రోగుల వృత్తాంతము వెలువడినది. కాలము తీరి చెడిపోయిన టెట్రాసైక్లిన్ తినుటవలన వారి మూత్రపిండములు దెబ్బతిని, శరీరమున నిలువవలసిన చక్కెరయు, లవణములును మూత్రముతో పోసాగినవి. మందు మానిన పిదప వారు కోలుకొన్నారు. వేడిమి, తేమ తగిలి మందులోపల పుట్టిన క్రొత్త పదార్థములే దానికి కారణమని తేలినది. నేటి మాత్రల కూర్పు నాటి దానికి భిన్నమే. ఐనను రోహిణికార్తె ఎండలో రేకుల కప్పు క్రింద మూడేండ్లుండిన మాత్ర లోపల ఏమైనదో పైకి చూచి చెప్పగలవారు లేరు.