తల్లి నాటుదే ఉండాలి: ఎండకు నిలిచే సంకర కోళ్లు



కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు పక్క పట్టు ఇళ్లలో నాలుగు కోళ్లు లేని ఇల్లు తక్కువ. గూళ్ల రేటు పడిన నెలలో, పంట పోయిన నెలలో చేతి ఖర్చుకు ఆదుకునేవి అవే. అయితే నాటుకోడి మెల్లగా పెరుగుతుంది, ఏడాదికి 60 నుంచి 80 గుడ్లకు మించి పెట్టడం కష్టం. ఫారం బ్రాయిలరు ఆరు వారాల్లో రెండు కిలోలు తూగుతుంది గానీ, ఏప్రిల్ ఎండకు నోరు తెరిచి రొప్పుతూ పడిపోతుంది. కోడికి చెమట పట్టదు. ఒళ్లు ఎంత జోరుగా పెరిగితే లోపల పుట్టే వేడీ అంత ఎక్కువ.

ఈ రెంటికీ నడిమి దారి సంకరం. ఇది మనకు కొత్త కాదు. మనం మేపే కోలార్ గోల్డ్ పురుగుకు తల్లి మైసూరు జాతి, తండ్రి సీఎస్ఆర్2. తల్లి నుంచి ఓర్పు, తండ్రి నుంచి దిగుబడి. కోళ్లలోనూ అదే లెక్క. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ కేంద్ర పక్షి పరిశోధన సంస్థ వాళ్లు అసీల్ జాతిని కారీ రెడ్‌తో కలిపి నిర్భీక్ కోడిని చేశారు. మెడ మీద ఈకలు లేని నాటు జాతితో హిట్‌కారీ చేశారు. ఆ మెడ గుణం ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినా చాలు, ఈకలు తగ్గి ఒంటి వేడి సులువుగా బయటికి పోతుంది.

ఇంట్లో చేసుకోవాలంటే పెట్ట నాటుదే ఉండాలి, పుంజు గిరిరాజ లాంటి మేలుజాతిది తెచ్చుకోవాలి. తిరగేస్తే కుదరదు. మేలుజాతి పెట్టల్లో పొదిగే గుణం దాదాపు పోయింది; గుడ్లు పెట్టి లేచిపోతాయి. నాటు పెట్ట 21 రోజులు పొదిగి, పిల్లల్ని గద్ద నుంచి కూడా కాచుకుంటుంది. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. బ్రాయిలరు పుంజు మాత్రం వద్దు, దాని బరువును నాటు పెట్ట మోయలేదు.

ఉగాది మరుసటి రోజు వర్షతొడకుకు అమ్మాలనుకుంటే నవంబరులోనే పొదగేయండి. ఎండలు ముదిరేలోపు పిల్లలు గట్టిపడతాయి. కొక్కెర తెగులు టీకా మొదటి వారంలో ఒకసారి, ఎనిమిది వారాలకు మళ్లీ ఒకసారి వేయించండి.

సంకర పిల్లల్ని అమ్మండి, తినండి, గుడ్లకు ఉంచుకోండి. వాటిలోంచి పుంజును మళ్లీ విత్తనానికి నిలపొద్దు. రెండో తరంలో ఒకటి తండ్రిలా, ఒకటి తాతలా, తలా ఒక తీరుగా వస్తాయి. కోలార్ గోల్డ్ గూళ్ల నుంచి మనం గుడ్లు తీయం కదా, ఇదీ అంతే. అసలు నాటు పెట్టలు నాలుగు, నాటు పుంజు ఒకటి వేరుగా పెట్టుకోండి. మైసూరు జాతి విత్తనం కుణిగల్, మాగడి పక్క నిలిచి ఉంది కాబట్టే మన సంకరం నడుస్తోంది. నాటు రక్తం పోతే రేపు దేనితో కలుపుతాం?

పట్టు రైతుకు ముఖ్యమైన మాట ఇంకొకటి. గ్రాసరీ తగిలిన పురుగుల్ని కోళ్లకు వేయకండి. ఆ రోగం రెట్టలో బతికే ఉండి మళ్లీ షెడ్డు చేరుతుంది. అలాంటి పురుగుల్ని సున్నం వేసి పూడ్చండి. తోటలో మందు కొట్టిన రోజుల్లో కోళ్లను గంప కిందే ఉంచండి.