ఇంట్లో సాధనకు పెట్టె మేలా, కీబోర్డు మేలా?

అలంపురం, గద్వాల చుట్టుపక్కల పల్లెల్లో జాతరకు పద్యనాటకం ఆడాలంటే వేషగాళ్లతోపాటు హార్మోనిస్టునూ వెతుక్కోవాలి. కృష్ణుడి వేషం కాస్త అటూ ఇటూ అయినా జనం సర్దుకుంటారు. హార్మోనియం పెట్టె సరిగ్గా పలకకపోతే మాత్రం పద్యం లేవదు. ఆ పెట్టె నేర్చుకోవాలనే కుర్రవాళ్లు ఇంకా ఉన్నారు. చర్చిలో కీర్తనలకు వాయించాలనే పిల్లలూ ఉన్నారు. ఇంట్లో సాధనకు హార్మోనియమే కొనాలా, కీబోర్డుతో సరిపెట్టుకోవచ్చా అన్నది ఈ ఇద్దరికీ వచ్చే సందేహమే.

హార్మోనియం మన వాద్యమే అనుకుంటాం కానీ అది ఆర్గన్ వంశానిది. 1840ల మొదట్లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబాన్ దానికి పేటెంట్ తీసుకున్నాడు. కాళ్లతో తొక్కే ఆ బరువైన వాద్యాన్ని 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేలమీద కూర్చుని చేత్తో తిత్తి ఊదేలా మార్చాడు. మిషనరీలు కూడా మడతపెట్టి మోసుకెళ్లగలిగే చిన్న ఆర్గన్లను ఊరూరా తిప్పారు. మన నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాలల్లో పనిచేసింది మెనోనైట్ బ్రదరెన్ మిషన్. అసలు పైపు ఆర్గన్ చూడాలంటే మాత్రం చెన్నై సెయింట్ ఆండ్రూస్ కర్క్ లాంటి పెద్ద చర్చికి వెళ్లాల్సిందే.

పైపు ఆర్గన్ వాయించేవాళ్లకు ఈ చిక్కు మనకన్నా ముందే వచ్చింది. చర్చిలో ఉన్న వాద్యాన్ని ఇంటికి తెచ్చుకోలేరు. జర్మన్ సంగీతకర్త బాఖ్ కాలంలోనైతే గాలి ఊదడానికి తిత్తులు తొక్కే మనుషులు కావాలి. సాధనకని గంటల తరబడి వాళ్లను ఎవరు నిలబెడతారు? అందుకే ఇంట్లో కాలిమెట్లున్న క్లావికార్డ్ అనే తీగల వాద్యం పెట్టుకుని వేళ్లకూ కాళ్లకూ పని నేర్పించేవారు. 1935లో హామండ్ ఎలక్ట్రిక్ ఆర్గన్, 1971లో అమెరికాలో అలెన్ కంపెనీ డిజిటల్ ఆర్గన్ వచ్చాయి. ఇవాళ చాలామంది ఇంట్లో డిజిటల్ మీద సాధన చేసి, ఆదివారం చర్చిలో పైపుల ముందు కూర్చుంటారు. వేళ్ల పని, స్వరస్థానాలు, పాట కంఠతా రావడం అన్నీ ఇంట్లో కుదురుతాయి. కుదరనిది చర్చిలో శబ్దం తిరిగే తీరు. పెద్ద చర్చిలో మెట్టు నొక్కిన కాసేపటికి గాని స్వరం గోడల నుంచి తిరిగిరాదు. దానికోసం ఆగినవాడు లయ తప్పుతాడు. ఇంట్లో స్పీకరు చెవి పక్కనే ఉంటుంది కాబట్టి ఈ పాఠం అక్కడ దొరకదు.

మన పెట్టెకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే మరో విధంగా. టచ్ రెస్పాన్స్ ఉన్న కీబోర్డు మీద మెట్టును గట్టిగా కొడితే పెద్దగా, మెల్లగా తాకితే చిన్నగా పలుకుతుంది. హార్మోనియంలో వేలు ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు. శబ్దం తిత్తి చేతిలో ఉంది. పద్యం చివర నటుడు రాగం ఎత్తుకున్నప్పుడు హార్మోనిస్టు కుడిచేయి స్వరాలు పట్టుకుంటే, ఎడమచేయి గాలిని పెంచుతూ అతణ్ణి పైకి లేపుతుంది. స్టేజీ మీద కాలి పెట్టె అయితే ఆ పని పాదాలది. కీబోర్డు మీద మూడేళ్లు నేర్చినా ఎడమచేతికి ఆ పాఠం ఒక్కటీ అందదు. పెట్టె ముందు కూర్చోగానే వేళ్లు పరుగెడతాయి, గాలి మాత్రం బండి గతుకుల్లో పడ్డట్టు ఊగుతుంది.

ఇంకో సూక్ష్మం ఉంది. బాస్ రీడ్లు పెద్దవి. గాలి చాలకపోతే అవి ఆలస్యంగా పలుకుతాయి. అనుభవం ఉన్న హార్మోనిస్టు మంద్రస్థాయికి దిగే ముందే తిత్తిలో గాలి సిద్ధం చేసుకుంటాడు. కీబోర్డులో అన్ని స్వరాలూ ఒకేలా తక్షణం పలుకుతాయి కాబట్టి ఈ జాగ్రత్త అలవాటు కాదు.

కీబోర్డు చేసే నష్టాల్లో నా లెక్కన అసలైనది ట్రాన్స్‌పోజ్ మీట. ఒక నటుడు ఐదు శృతిలో, ఇంకొకడు ఆరు శృతిలో పాడతాడు. మీట నొక్కితే కీబోర్డు తనంతట తానే మారిపోతుంది, వేళ్లు పాత చోటే తిరుగుతాయి. మామూలు పెట్టెకు ఆ మీట లేదు. షడ్జం ఏ మెట్టుమీద పడితే అక్కణ్ణుంచే వాయించాలి. మీట మీద పెరిగినవాడు పందిట్లో తెల్లమొహం వేస్తాడు. మెట్ల వరుసనే పక్కకు జరిపే స్కేల్ ఛేంజర్ పెట్టె ఉందిగా అంటారు. ఊరి నాటక సమాజానికి అది ఉంటుందన్న నమ్మకం లేదు.

గమకాల సంగతికొస్తే రెండింటికీ తిప్పలే. హార్మోనియం పన్నెండు స్వరాలకు కట్టుబడి ఉంటుందన్న వాదనతో ఆకాశవాణి 1940లో దాన్ని పక్కనపెట్టి, 1971 దాకా తలుపు తీయలేదు. చాలా కీబోర్డులకు స్వరాన్ని వంచే చక్రం ఉంటుంది. సరదాగానే ఉంటుంది కానీ దానికి అలవాటుపడితే పెట్టెమీద చేయి వెతుక్కుంటుంది.

అయినా కీబోర్డును కొట్టిపారేయలేం. రాత్రి పదకొండుకు హెడ్‌ఫోన్ పెట్టుకుని సాధన చేస్తే పక్కింటివాళ్లు తలుపు కొట్టరు. రీడ్లలో దుమ్ము చేరి శృతి తప్పే బాధ లేదు. పెట్టెలో శృతి తప్పితే రీడును గీరి సరిచేయాలి. కొసన గీరితే స్వరం పైకి, మొదట్లో గీరితే కిందికి పోతుంది. తెలియని చేయి పెడితే రీడు పాడవుతుంది.

కీబోర్డే ఉంటే కొన్ని సర్దుబాట్లు చేసుకోండి. టచ్ రెస్పాన్స్ ఆపేయండి. పియానో స్వరం కాకుండా ఆర్గన్ గానీ హార్మోనియం గానీ ఎంచుకోండి. పియానో స్వరం నొక్కిన కాసేపటికి ఆరిపోతుంది, వేలు ఎప్పుడు ఎత్తాలో నేర్పదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో స్వరం వెనకబడుతుంది, తీగ ఉన్నదే వాడండి. ట్రాన్స్‌పోజ్ మీట ఉందన్న సంగతే మరిచిపోండి. రోజుకో మెట్టును షడ్జం చేసుకుని అదే పద్యం వాయించండి. వారానికి ఒక్కసారైనా ఊళ్లోని పెట్టె దగ్గర కూర్చుని, ఒకే స్వరాన్ని పట్టి, శబ్దం పెరక్కుండా తగ్గకుండా తిత్తి ఆడించండి. వినడానికి విసుగే గానీ హార్మోనిస్టుకు అసలు సాధన అదే.

పద్యనాటకమే లక్ష్యమైతే పాతదైనా సరే, పెట్టె ముందు కొనండి. చర్చిలో ఉన్నదే కీబోర్డు అయితే ఇంట్లోనూ కీబోర్డే చాలు. రెండూ వాయించాలనుకుంటే మొదట పెట్టెమీద నేర్చి తర్వాత కీబోర్డుకు రండి, తిరగేసి వస్తే ఎడమచేతికి మళ్లీ మొదటి పాఠం నుంచి చెప్పాల్సి వస్తుంది.