పొగ ఓడ బొమ్మలో కనిపించనివాళ్లు

మాది భట్టిప్రోలు. రాతి మీద రాత మా ఊరివాళ్లకు కొత్త కాదు. 1892లో అలెగ్జాండర్ రీ మా స్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడిన ధాతుపేటికల మీద, వాటిని చేయించినవాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. ఖర్చు ఎవరు పెట్టుకున్నారో ఆ రాయే చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దపు ఓడల బొమ్మలను చూసినప్పుడు నాకు ముందుగా తోచిన ప్రశ్న కూడా అదే: దీనికి డబ్బు ఎవరిచ్చారు?

ఆ బొమ్మల్లో చాలావాటిని రాతి మీదే గీశారు. బవేరియాలో సెనెఫెల్డర్ 1798 ప్రాంతంలో కనిపెట్టిన శిలాముద్రణ అది. నునుపు చేసిన సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో గీసి, రాయిని తడిపి, సిరా పూస్తారు. నీరున్నచోట సిరా అంటదు, జిడ్డున్నచోట అంటుతుంది. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కనుక, ఓడను రాతి మీద వెనక్కు తిప్పి గీయాలి. ఒక్క రాయి నుంచి వందల ప్రతులు వస్తాయి. ఒక్క ధనికుడి గోడ మీద ఉండే తైలవర్ణ చిత్రం ఈ పద్ధతిలో దుకాణాల్లోకి, కంపెనీ ఆఫీసుల్లోకి వచ్చింది.

లివర్‌పూల్‌లో శామ్యూల్ వాల్టర్స్ ఓడల చిత్రాలు వేశాడు. లండన్‌లో టి. జి. డటన్ ఓడలను రాతి మీదికి ఎక్కించడంలో పేరు పొందాడు. ఓడను పక్కనుంచి చూపడం, జెండాలు ఎగరడం, పొగ ఒకే వాలున సాగడం ఇలాంటి బొమ్మలకు అలవాటు. తాళ్లలో తప్పుంటే ఓడ యజమాని, కప్తాను ఇట్టే పట్టేస్తారు. అందుకే ఆ పనితనం నిర్దుష్టం. మనుషులు మాత్రం డెక్కు మీద చుక్కలు.

దీనికి వ్యాపార కారణం ఉంది. ఆవిరి ఓడంటే జనానికి భయం. 1840 జనవరిలో అమెరికాలో లెక్సింగ్టన్ తగలబడినప్పుడు నలుగురే బతికారు. నెథానియల్ కరియర్ ఆ మంటలనే లిథోగ్రాఫుగా వేసి అమ్మాడు. కంపెనీలకు కావలసింది దానికి విరుగుడు: చెక్కుచెదరని ఓడ, నమ్మకం కలిగించే సముద్రం. 1842లో టర్నర్ మంచు తుఫానులో చిక్కుకున్న ఆవిరి ఓడను గీశాడు. అందులో ఓడ ఆనవాలు పట్టడమే కష్టం. అలాంటి బొమ్మతో టికెట్లు అమ్ముడుపోవు.

డెక్కు కింది మనిషిని గీయడం ఆ కాలానికి చేతకాలేదనుకోవద్దు. 1850 ప్రాంతంలో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రిక లివర్‌పూల్ నుంచి వలసపోయే పేదలను, వాళ్లు కిక్కిరిసిన అడుగు అంతస్తులను చెక్క అచ్చుల్లో చూపింది. పత్రికకు పాఠకుడు డబ్బిచ్చాడు. ఓడ చిత్రానికి ఎక్కువగా యజమాని ఇచ్చాడు. తేడా అక్కడ వచ్చింది.

ఇక మన తీరానికి వద్దాం. రేవు కట్టకముందు మద్రాసులో ఓడలు దూరాన ఆగేవి. కొబ్బరి పీచుతాడుతో కుట్టిన మసూలా పడవలే అలల మీదుగా ప్రయాణికులను ఒడ్డుకు చేర్చేవి. ఆ దృశ్యాన్ని ఆంగ్ల చిత్రకారులు ఇష్టంగా వేశారు. పడవవాళ్లు ముందువరసలోనే ఉంటారు. కాని నేను చూసిన అచ్చుల్లో వాళ్లు వింతలు. భయపడే హక్కు దొరలదీ దొరసానులదీ.

1856లో మెకినన్ కలకత్తా నుంచి బర్మాకు ఆవిరి ఓడల కంపెనీ పెట్టాడు. 1862లో అది బ్రిటిష్ ఇండియా కంపెనీ అయింది. ఆ శతాబ్దం చివరికి కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు డెక్కు టికెట్టు మీద రంగూన్ వెళ్లారు. మనవాళ్లకు అది ‘రంగం’. అక్కడివాళ్లు మనవాళ్లను ‘కోరంగీలు’ అన్నారు. మూటాముల్లెతో, ఎండావానల్లో ఆ డెక్కు మీద కూర్చున్న ముఖాల కోసం ఓడల బొమ్మల్లో వెతికాను. నాకు పొగగొట్టాలే కనిపించాయి.

ఇది మన రచయితలకూ పట్టే మాట. డటన్‌లా తాడు తాడునా తప్పు లేకుండా రాయడం నేర్చుకోవలసిందే. ఆ శ్రమను చిన్నచూపు చూడరాదు. అయితే వర్ణన ఎంత నిజంగా ఉన్నా, ఎవరి చూపుతో చూస్తున్నామో తేల్చుకోకపోతే అది యజమాని గోడకు పటమే అవుతుంది. రంగం పోయినవాళ్ల మాటలు పాటల్లో, ఇంటింటి జ్ఞాపకాల్లో ఇంకా మిగిలి ఉన్నాయి. ముందు వాటిని సేకరించి రాసి పెడదాం.