సైకిలుకే తెలిసే లంబసింగి దారి

నర్సీపట్నం: ఎత్తు వచ్చినచోట దిగి, సైకిలు నడిపించుకుంటూ వెళ్లడానికి సిగ్గుపడని వారికే లంబసింగి ఘాట్ రోడ్డు పూర్తిగా కనిపిస్తుంది. కారులో గంటలో దాటేసే దారికి సైకిలు మీద ఒక పూట పడుతుంది. ఆ పూటంతా లోయలో నీటి చప్పుడు, చెట్లలో పిట్టల కూతలు, ఎదురొచ్చే గిరిజనుల పలకరింపులు తోడుంటాయి. అద్దాలు బిగించుకుని పోయేవారికి ఇవేమీ అందవు.

నర్సీపట్నం నుంచి లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు. అక్కడి నుంచి చింతపల్లికి మరో 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒకప్పుడు ఈ దారంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, లంబసింగి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. దారి మాత్రం ఒక్కటే. కింద మైదానం, పైన మన్యం.

మొదటి సగం పెద్దగా శ్రమ పెట్టదు. పొలాలు, మామిడి, జీడిమామిడి తోటల మధ్య తొక్కుకుంటూ పోవచ్చు. డౌనూరు దాటాక అసలు పని మొదలవుతుంది. రోడ్డు మెలికలు తిరుగుతూ కొండ నెక్కుతుంది. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి చేరేదాకా కాళ్లకు విశ్రాంతి ఉండదు. గేర్ల సైకిలు ఉన్నవారు చిన్న గేరులో, ఊపిరికి తగ్గట్టు మెల్లగా తొక్కాలి. మామూలు సైకిలైతే మలుపు మలుపుకీ దిగి నడవడమే మేలు. మొదట్లో ఉత్సాహపడి వేగంగా ఎక్కినవారే సగం దారిలో కూలబడతారు.

దిగడమే కష్టం

చాలామంది ఎక్కడానికి భయపడతారు. నిజానికి ప్రమాదమంతా దిగేటప్పుడే ఉంది. వేగం రెండింతలైతే, ఆపడానికి కావలసిన దూరం దాదాపు నాలుగింతలవుతుంది. అవతల ఏముందో కనిపించని మలుపులో ఈ లెక్క మరచిపోతే లోయలో పడ్డట్టే.

బ్రేకులు అదేపనిగా నొక్కిపెట్టి దిగకూడదు. అలా చేస్తే చక్రం అంచు వేడెక్కి రబ్బర్లు అరిగిపోతాయి, పట్టు తగ్గిపోతుంది. కాస్త నొక్కి, కాస్త వదిలి, ముందుదీ వెనకదీ కలిపి వాడాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే సవారీ చేసేవాడు హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు. మలుపులోకి వచ్చాక కాదు, రాకముందే వేగం తగ్గించుకోవాలి. బయలుదేరే ముందే బ్రేకు రబ్బర్లు, తీగలు, చైను చూపించుకోవడం మంచిది. అదనపు ట్యూబు, ప్యాచులు, సొల్యూషను, గాలిపంపు వెంట ఉండాలి. ఘాట్ మధ్యలో పంక్చరు పడితే షాపు దొరకదు.

చలిని కూడా లెక్కలో వేసుకోవాలి. వెయ్యి మీటర్లు పైకెళితే ఆరు డిగ్రీల దాకా వేడి తగ్గుతుంది. చలికాలంలో లంబసింగిలో సున్నా దరిదాపులకు పడిపోయిన రోజులున్నాయి. ఈ ఊరికి కొర్రబయలు అనే పేరూ ఉంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఎక్కేటప్పుడు చెమటకు తడిసిన చొక్కా దిగేటప్పుడు గాలికి మంచులా మారుతుంది. పొడి బనీను ఒకటి, చెవులు మూసే టోపీ, చేతి తొడుగులు తప్పనిసరి. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు పట్టడం కూడా కష్టమే. పొగమంచులో వెనక ఎర్రదీపం లేకుండా ఈ రోడ్డెక్కడం ప్రాణాలతో చెలగాటం.

రాళ్లెత్తింది వారే

ఈ దారికి ఒక చరిత్ర ఉంది. నూరేళ్ల క్రితం లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేసినప్పుడు కొండ తవ్వింది, రాళ్లెత్తింది ఇక్కడి గిరిజనులే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వారిచేత గొడ్డుచాకిరీ చేయించి, సరైన కూలి ఇవ్వలేదు. 1882 నాటి అటవీ చట్టంతో పోడు వ్యవసాయానికి అప్పటికే ఆంక్షలు వచ్చిపడ్డాయి. అడవి చేజారింది, ఒంటి కష్టానికి విలువ లేకుండా పోయింది. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. గాం గంటందొర, మల్లుదొర సోదరులు ఆ పోరాటంలో ముందు నిలిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి జరిగింది. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల ఆయుధాలు మన్యం వీరుల చేతికొచ్చాయి. 1924 మే 7న రాజు మరణించాడు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. నర్సీపట్నం నుంచి సైకిలు యాత్ర చేసేవారు ఒక రోజు ఆ ఊరికి కేటాయించుకోవచ్చు. రోడ్డు ఎవరి కష్టంతో వచ్చిందో తెలుసుకున్నాక ఘాట్ ఎక్కితే, కాళ్ల నొప్పి పెద్ద విషయం అనిపించదు.

ఏ కాలంలో ఏ అందం

వర్షాలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో వలిసె పూలతో మన్యం చేలు పచ్చగా పసుపు ఆరబోసినట్టుంటాయి. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండ్ల కోత. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉంటాయి. వేసవి మొదట్లో ఒక్క వాన పడితే చాలు, కాఫీ మొక్కలు తెల్లగా పూస్తాయి. ఆ వాసన రోడ్డు దాకా వస్తుంది. ఈ మన్యంలో పండే కాఫీకి 2019లో అరకు వ్యాలీ అరబికా పేరిట భౌగోళిక గుర్తింపు లభించింది. చింతపల్లి వైపు రాజ్మా, పసుపు కూడా పండిస్తారు. వానాకాలంలో మాత్రం ఘాట్ ఎక్కకపోవడమే మంచిది. రోడ్డు జారుతుంది, కొండచరియలు విరిగిపడతాయి.

లంబసింగి చేరినవారు అక్కడే ఆగిపోనక్కర్లేదు. ఆరేడు కిలోమీటర్ల దూరంలో తాజంగి జలాశయం ఉంది. దగ్గర్లోనే చెరువులవేనం కొండ ఉంది. సైకిలు కింద పెట్టి తెల్లవారకముందే నడిచి ఎక్కితే, కాళ్ల కింద మబ్బులు పాలసముద్రంలా పరుచుకుని కనిపిస్తాయి. ఓపిక ఉంటే చింతపల్లి దాటి జి.మాడుగుల మీదుగా పాడేరు వెళ్లవచ్చు. దానికి మరో రోజు కావాలి. దోమల బెడద ఉన్న ప్రాంతం కనుక రాత్రి బస చేసేవారు దోమతెర మరువరాదు.

ఈ ప్రశాంతత ఎన్నాళ్లు?

లంబసింగి పేరు ఆంధ్రా కాశ్మీరుగా మారుమోగాక పరిస్థితి మారింది. డిసెంబరు, జనవరి నెలల శని, ఆదివారాల్లో కార్లు, మోటారు సైకిళ్లు బారులు తీరుతున్నాయి. ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ సంచులు లోయల్లో పడుతున్నాయి. అలాంటి రోజుల్లో సైకిలు వాడికి అంచున రెండడుగుల చోటు కూడా మిగలదు. అందుకే ఈ యాత్రకు మామూలు రోజులే అనుకూలం.

రాజమహేంద్రవరం నుంచి కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516-ఈ జాతీయ రహదారిని రెండు వరుసలుగా విస్తరించే పని చేపట్టారు. రోడ్డు బాగుపడటాన్ని కాదనేవారు మన్యంలో ఉండరు. డోలీలో రోగిని మోసిన ఊళ్లకు అంబులెన్సు విలువ తెలుసు. సంతకు నెత్తిన తట్ట పెట్టుకుని నడిచేవారికీ మంచి రోడ్డు కావాలి. అయితే రోడ్డు వెడల్పైతే వేగం పెరుగుతుంది. ఆ వేగానికి ముందుగా బలయ్యేది అంచున నడిచే గిరిజనుడే, ఆ తర్వాతే సైకిలు వాడు.

అందువల్ల ఘాట్‌లో అంచున నడకకు, సైకిలుకు కాస్త చోటు గీతగీసి విడిచిపెట్టడం, మలుపుల్లో వేగానికి కళ్లెం వేయడం, రద్దీ రోజుల్లో బండ్లను కింద నిలిపి బస్సుల్లో పైకి పంపడం వంటివి అధికారులు ఆలోచించదగ్గ పనులు. వీటికి కోట్లు ఖర్చు కావు.

సైకిలు మీద వెళ్లేవారికీ కొన్ని బాధ్యతలున్నాయి. చెత్త తిరిగి కిందికి తెచ్చుకోవాలి. అడగకుండా ఎవరి ఇంటి ముందూ ఫొటో తీయకూడదు. తినేది, తాగేది దారిలోని గిరిజనుల పాకల్లో కొంటే నాలుగు రూపాయలు వారికే చేరతాయి. మలుపులో బెల్లు కొట్టాలి. ఎదురుగా తట్టతో అవ్వ వస్తుంటే, ఎంత దిగుడులో ఉన్నా సైకిలు ఆపి దారివ్వాలి. ఆ దారి మొదట ఆమె వాళ్లది.