ఎల్లలు లేని సరస్సు

ఐరోపా ఖండమున ఆల్ప్స్ పర్వతముల ఉత్తరపు అంచున కాన్‌స్టన్స్ సరస్సు ఉన్నది. జర్మనులు దీనిని బోడెన్‌సే అందురు. వైశాల్యము సుమారు 536 చదరపు కిలోమీటర్లు; లోతు 250 మీటర్లకు పైమాటే. రైన్ నది దీనిలో ప్రవేశించి, పడమట వెలువడుచున్నది. జర్మనీ, స్విట్జర్లండు, ఆస్ట్రియా మూడును దీని ఒడ్డు దేశములే.

చిత్రమేమనగా, సరస్సులోని పెద్దభాగమున ఈ మూడు దేశముల సరిహద్దు ఎక్కడ నున్నదో నేటికిని ఒప్పందము లేదు. నడినీటి గీతయే ఎల్ల యని స్విట్జర్లండు అనును. లోతునీరు అందరి ఉమ్మడి సొత్తని ఆస్ట్రియా వాదించును. జానెడు పొలముగట్టుకై కోర్టుల కెక్కువారికి ఇది వింతగా తోచవచ్చును. అయినను చేపలవేటను గూర్చి 1893లోనే ఒడంబడిక కుదిరినది.

అసలు పరీక్ష 1950 తరువాత వచ్చినది. ఊళ్ల మురుగునీరు, బట్టలుతుకు పొడులు, పొలముల ఎరువులు – వీనినుండి భాస్వరము సరస్సులో చేరసాగినది. భాస్వరము పైరుకు బలమైనట్లే నాచుకును బలము. నాచు విపరీతముగా పెరిగి, చచ్చి, అడుగునకు దిగును. అచ్చట సూక్ష్మజీవులు దానిని కుళ్లించుచు నీటిలో కరిగియున్న ప్రాణవాయువును హరించును. అడుగున పొదగవలసిన చేపగ్రుడ్లు ఆ వాయువు చాలక నశించును. మురుగు ఏ దేశముదైనను నాచుకు ఒకటే గదా!

1959లో ఒడ్డు ప్రభుత్వములు కలిసి ఒక సంరక్షణ సంఘమును స్థాపించినవి. 1960లో ఒడంబడిక వ్రాసికొన్నవి. ఈ సంఘము ఎవరినీ శిక్షింపజాలదు. శాస్త్రజ్ఞులు నీటిని పరీక్షించి లెక్కలు ముందుంచెదరు. వానినిబట్టి ఏకగ్రీవముగా సిఫారసులు చేయుదురు. ప్రతి ప్రభుత్వము తన గడ్డపై తానే అమలు జరుపును. మురుగును శుద్ధిచేయు కేంద్రములు వెలసినవి. అచ్చట ఇనుప లవణములు కలుపగా భాస్వరము వానితో కూడి మడ్డిగా అడుగునకు దిగును. 1980 ప్రాంతమున ఘనపు మీటరు నీటిలో 80 మిల్లీగ్రాములు మించియుండిన భాస్వరము నేడు 10కి లోపే. నలుబది లక్షలమందికి పైగా ఈ నీటినే త్రాగుచున్నారు.

ఇంతటితో కథ సుఖాంతమైనదనుకొనరాదు. భాస్వరము తగ్గగా నాచు తగ్గినది. దానిని తిను సూక్ష్మప్రాణులు తగ్గినవి. వానిని తిను చేపలును తగ్గినవి. కొంచెము భాస్వరమును నీటిలో ఉండనిమ్మని కొందరు జాలరులు కోరిరి. త్రాగునీటిని తలచి సంఘము సమ్మతింపలేదు. ఇది సరియైన నిర్ణయమేగాని, వల ఖాళీగా లాగువాని బాధ బూటకము కాదు. పైగా 2016లో నల్లసముద్ర ప్రాంతపు క్వాగా ఆల్చిప్ప ఇచ్చట కనబడినది. అది నీటిని వడగట్టి ఉన్న కాస్త మేతను తానే తినివేయును. ఏ లవణముతోను అడుగునకు దింపదగినది కాదు. ఫెల్కెన్ అను పేరుగల చేపలవేటను 2024 మొదలు మూడేండ్లు ఆపివేయుటకు, 1893 నాటి ఒడంబడిక క్రింద కూడిన ప్రతినిధులే నిర్ణయించిరి.