రెండో తీగ

బెళ్ళందూరులో మా అపార్ట్‌మెంటు టెర్రస్ మీద ఒకే ఒక్క డిష్షు ఉండేది. బాల్కనీల్లో ఎవరూ సొంతది బిగించకూడదని అసోసియేషన్ నియమం. ఆ ఒక్క గొడుగు కిందే అందరి టీవీలూ బతకాలి. హెచ్‌డీ రికార్డరు కొన్నప్పుడు నేను ఇదేమీ పట్టించుకోలేదు. బిగించడానికి వచ్చిన మదనపల్లె కుర్రాడు గోడలోని పైపులోకి స్ప్రింగు తోసి చూశాడు. సగంలో ఆగిపోయింది.

"రెండో వైరు పట్టదు సార్. ఇంటర్నెట్‌ది ముందే దూర్చినారు" అన్నాడు.

500 జీబీ హార్డ్ డిస్కున్న పెట్టె, తీగ ముక్క లేక సగం పనికే మిగిలింది.

పదిమందికి ఒక యాంటెనా అన్నది పాత సంగతే. 1940ల చివర అమెరికాలో కొండల చాటు ఊళ్ళవాళ్ళు గుట్ట మీద యాంటెనా పాతి, అక్కణ్ణుంచి ఇంటింటికీ తీగ లాక్కున్నారు. కేబుల్ టీవీ అలా పుట్టింది. మన దగ్గర 1975 ఆగస్టు 1న మొదలైన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి నేరుగా బొమ్మ అందింది. కోళ్ళ గూళ్ళకు వాడే వలతో చేసిన మూడు మీటర్ల డిష్షు, ఊరంతటికీ ఒక టీవీ. అందరూ ఒకే కార్యక్రమం చూసేవాళ్ళు కాబట్టి పేచీ లేదు. ఇంటికో ఛానల్ కావలసి వచ్చాకే చిక్కు మొదలైంది.

హార్డ్ డిస్కు రికార్డరు 1999లో టీవో, రీప్లే టీవీ పేర్లతో అమెరికా బజారుకు వచ్చింది. మనకు 2008లో టాటా స్కై ప్లస్, 2010లో అదే కంపెనీ హెచ్‌డీ, ఆ తర్వాత రెండూ కలిసిన పెట్టె. హెచ్‌డీ బొమ్మలో 1920×1080 చుక్కలు. పాత బొమ్మలో 720×576. సరిగ్గా అయిదింతలు! సెకనుకు 8 మెగాబిట్ల లెక్కన గంటకు 3.6 జీబీ. అంటే 500 జీబీలో 130 గంటలకు పైనే పడుతుంది. డిస్కుకు కొదవ లేదు.

కొదవంతా తీగతోనే. ఉపగ్రహం అలలు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా ఊగుతూ వస్తాయి. డిష్షు ముందుండే ఎల్‌ఎన్‌బీ వాటిని పట్టి, తీగలో పోగలిగేంత తక్కువ ఫ్రీక్వెన్సీకి దించి కిందికి పంపుతుంది. ఏవి పంపాలో చెప్పేది మన పెట్టే. తీగలోకి 13 వోల్టులు పంపితే నిలువువి, 18 పంపితే అడ్డంవి. ఒక తీగలో ఒక వేళకు ఒకటే ఆజ్ఞ. ఒకే తీగకు వందిళ్ళ పెట్టెలు తగిలిస్తే? అత్త ఒకటి, కోడలు ఇంకొకటి పురమాయిస్తే పనిమనిషి ఏం చేస్తుంది? అందుకే అపార్ట్‌మెంట్లలో మధ్యన మల్టీస్విచ్ పెడతారు. ఏ ఫ్లాటు ఆజ్ఞ ఆ ఫ్లాటుకే. కానీ రికార్డరులో ట్యూనర్లు రెండు. అమ్మ సీరియల్ రికార్డవుతుండగా నేను క్రికెట్ చూడాలంటే ఒకే ఇంటినుంచి రెండు ఆజ్ఞలు పైకి వెళ్ళాలి. రెండో తీగ అందుకు.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఒకే తీగలో ట్యూనరుకో ఫ్రీక్వెన్సీ కేటాయించే పద్ధతికి యూరప్‌లో 2007లోనే ప్రమాణం రాశారు. అయితే టెర్రస్ మీది స్విచ్ మార్చాలి. అసోసియేషన్ మీటింగులో ఆ మాట ఎత్తాను. పార్కింగు గొడవలో కొట్టుకుపోయింది.

ఇప్పుడు సీరియళ్ళన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి. పైపులో చోటు ఆక్రమించిన ఇంటర్నెట్ తీగే రికార్డరు ఉద్యోగాన్నీ ఊడగొట్టింది. ఆ పెట్టె మా అటక మీదుంది.

ఇల్లు కట్టిస్తున్నవాళ్ళకు ఒక్క మాట. టీవీ గోడ నుంచి టెర్రస్ దాకా ఖాళీ పైపు ఒకటి అదనంగా వేయించండి. అందులో నైలాన్ తాడు కూడా వదిలిపెట్టమనండి.